నెర్రెలు బారని పొర

కల్లూరులో ఖమ్మం–సత్తుపల్లి రోడ్డు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో దేంట్లోకి తొంగిచూసినా బల్ల కింద ఒక అట్టపెట్టె ఉంటుంది. పగిలిన తెరలు, ఉబ్బిన బ్యాటరీలు, ఎవరూ తిరిగి అడగని పాత టచ్‌లు అందులో పడి ఉంటాయి. పదిహేనేళ్ల కిందట, సన్నపుల్లతో గట్టిగా నొక్కితే తప్ప పలకని ఫోన్లు కొన్ని వచ్చేవి. వాటి టచ్ మీది పొర గాజు కాదు, ప్లాస్టిక్. మందం సాధారణంగా 0.188 మిల్లీమీటర్లు. పెళ్లిపత్రిక అట్ట అంత కూడా ఉండదు.

ఆ ప్లాస్టిక్‌ను ఊడదీసి వేలెడు వెడల్పున ఒక ముక్క కత్తిరించి, లోపలివైపు మల్టీమీటర్ పుల్లలు రెండు చివర్లా ఆనిస్తే మీటరు వందల్లోనో వేలల్లోనో ఓమ్‌లు చూపిస్తుంది. ప్లాస్టిక్‌లో కరెంటు పారడం ఏమిటి? కంటికి కనబడని పూత ఒకటి అక్కడ ఉందన్నమాట. ఆ పూత బయటికి ఉండేలా ముక్కను స్టీలు గ్లాసుకు చుట్టి చూస్తే అంకె దాదాపు కదలదు. పెన్సిలుకు చుడితే పైకి పాకుతుంది. బాల్‌పెన్ రీఫిల్‌కు చుడితే ఒక్కసారిగా ఎక్కడికో ఎగిరిపోతుంది. ప్లాస్టిక్ కాస్త వంపు తిరిగి ఉంటుందేమో గానీ ఎక్కడా తెగదు. తెగింది దాన్ని అంటిపెట్టుకున్న పూత.

ఈ అధ్యాయం ఆ పూత గురించే. ఇండియం ఆక్సైడ్ 90 పాళ్లు, తగరం ఆక్సైడ్ 10 పాళ్లు తూకంలో కలిసిన పదార్థం అది. ఈ రంగంలో వాళ్లు ఐటీఓ అంటారు. మందం 100 నానోమీటర్ల చుట్టుపక్కల, అంటే తలవెంట్రుక మందంలో ఏడువందల వంతు. ఫోన్, క్యాలిక్యులేటర్, టీవీ, ఏటీఎం, ఏ తెర తీసుకున్నా ఎక్కడో ఒకచోట ఇది ఉంటుంది. కల్లూరులో ఇంత పూత లేని ఇల్లు ఉండదు, దాన్ని చూసినవాళ్లూ ఉండరు.

కరెంటును పారించే వస్తువు మెరుస్తుంది, అవతలిది కనబడనివ్వదు. రాగి అంతే, వెండి అంతే. అవతలిది కనబడనిచ్చే గాజు కరెంటును రానివ్వదు. రెండు గుణాలూ ఒకే పదార్థంలో ఉంటాయని మొదట చూపించినవాడు జర్మనీకి చెందిన కార్ల్ బేడెకర్. 1907లో అతను కాడ్మియం పలుచని పొరను గాలిలో వేడిచేసి ఆక్సైడ్‌గా మార్చి, అది కరెంటునూ పారిస్తుందని చూశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ముందు అద్దాల మీద మంచు పేరుకోకుండా వేడిచేయడానికి ఇలాంటి తగరం ఆక్సైడ్ పూత పనికొచ్చింది. ఇండియం, తగరం కలిపిన పూత ఆ తర్వాతి మాట. 1950ల మొదట్లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ దానికి పేటెంటు తీసుకుంది.

ఇండియం కథలో చిన్న తమాషా ఉంది. 1863లో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో జింకు ఖనిజాన్ని పరీక్షిస్తున్న ఫెర్డినాండ్ రైష్‌కు రంగులు సరిగ్గా తెలిసేవి కావు. మంటలోంచి వచ్చే రంగుగీతలు చూసిపెట్టమని థియోడర్ రిక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంతవరకూ ఏ మూలకానికీ లేని నీలిగీత రిక్టర్‌కు కనబడింది. నీలిమందు పేరు మీదుగానే కొత్త లోహం ఇండియం అయింది. ఇప్పటికీ అది ఎక్కువగా జింకును శుద్ధి చేసే చోటే ఉప ఉత్పత్తిగా దొరుకుతుంది. దాని కోసమని తవ్వే గనులు దాదాపు లేవు. జింకు ఎంత తీస్తే దానికి తగ్గట్టే ఇండియం వస్తుంది, అందుకే ధర ఎప్పుడూ ఊగుతూ ఉంటుంది.

ఇక ఈ పూత లోపలి సంగతి. ఇండియం ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్‌ను కట్టు తెంపి పైకి ఎగదోయాలంటే 3.5 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా శక్తి కావాలి. కంటికి కనబడే వెలుతురులో అన్నిటికన్నా బలమైన ఊదా కాంతి కణానికి కూడా సుమారు 3.1 మించి లేదు. కాబట్టి వెలుతురు దేన్నీ కదపలేక అలాగే దాటిపోతుంది. మరి కరెంటుకు ఎలక్ట్రాన్లు ఎక్కడివి? ఇండియం అణువు మూడు ఎలక్ట్రాన్లు ఇచ్చేచోట తగరం నాలుగు ఇస్తుంది. ఆ నాలుగోది కట్టు లేకుండా తిరుగుతుంది. ఆక్సిజన్ కొరత పడిన చోట్ల మరికొన్ని మిగులుతాయి. ఈ పదార్థాలన్నిటి మీదా 1983లో ఢిల్లీ ఐఐటీకి చెందిన కె.ఎల్. చోప్రా, ఎస్. మేజర్, డి.కె. పాండ్యా రాసిన సమీక్షా వ్యాసాన్ని ఈ రంగంలో అడుగుపెట్టినవాళ్లు నేటికీ తిరగేస్తూనే ఉంటారు.

ఇంత సుగుణాల రాశికి ఒకటే జబ్బు. ఇది పింగాణీ జాతి. వంగదు, పగులుతుంది.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఆగిపోయాక కల్లూరు పక్క పొలాల్లోకి దిగి చూస్తే పగులు అంటే ఏమిటో భూమే చూపిస్తుంది. నల్లరేగడి ఆరుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. కింద తడిగా ఉన్న మట్టి కుంచించుకోదు, పైదాన్ని కదలనివ్వదు. పై పొర అన్ని వైపులకూ లాగినట్టయి, ఎక్కడో బలహీనమైన చోట తెగి నెర్రె విచ్చుతుంది. రోడ్డు పక్క గుంటలో ఎండిన పలుచని ఒండ్రు అయితే అరచేతిలో పట్టేంత పెంకులుగా విడిపోయి అంచులు పైకి లేస్తుంది. చెరువు నడిమధ్య లోతైన బురదలో నెర్రెలు దూరదూరంగా, కాలు ఇరుక్కునేంత వెడల్పుగా ఉంటాయి. పొర ఎంత మందమో నెర్రెల మధ్య ఎడం దాన్ని బట్టే ఉంటుంది. ఐటీఓ పొరలోనూ అదే లెక్క, కాకపోతే మైక్రాన్లలో.

నెర్రె ఊరికే రాదు. కొత్త అంచులు రెండు పుట్టాలంటే శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి లాగుడులో ఉన్న పొరలోనే దాగి ఉండాలి. గాజు ఎందుకు అంత సులువుగా పగులుతుందో ఆలోచిస్తూ 1920లో ఇంగ్లండ్‌లో ఏ.ఏ. గ్రిఫిత్ ఈ ఖర్చు–జమ లెక్క వేశాడు. పలుచని పొరలకు ఆ లెక్కను అన్వయిస్తే రెండు మాటలు తేలతాయి. పొరలో దాగిన శక్తి మందంతో పాటు పెరుగుతుంది. లాగుడు రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. అంటే ప్రతి లాగుడుకూ ఒక హద్దు మందం ఉంటుంది. పొర అంతకన్నా పలుచగా ఉంటే నెర్రె సాగడానికి కావలసిన శక్తి దాని దగ్గర ఉండదు. పింగాణీయే, అయినా పగలదు.

అయితే ఇంకా పలుచగా పూస్తే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. పూయవచ్చు. కాలువ వెడల్పు తగ్గిస్తే నీళ్లు తగ్గినట్టు, పొర పలచబడితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. మంచి ఐటీఓ 150 నానోమీటర్ల మందాన గాజు మీద చదరానికి 13 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. దాన్ని 30 నానోమీటర్లకు తెస్తే అయిదింతలు కాదు, ఇంకా ఎక్కువే పెరుగుతుంది, ఎందుకంటే అంత పలుచని పొరలో అమరిక కూడా సరిగ్గా కుదరదు. టచ్‌కు వందల ఓమ్‌లైనా ఫరవాలేదు. సోలార్ పలకకు, దీపంలా వెలిగే తెరకు మాత్రం కుదరదు.

ఇంకో ఇబ్బంది అడుగున ఉన్న ప్లాస్టిక్‌ది. గట్టిదనంలో ఐటీఓ గాజు కన్నా ఎక్కువ. నీళ్లసీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌తో పోలిస్తే ఇరవై రెట్లకు పైనే. గాజు మీద ఉన్న పొరలో నెర్రె నోరు తెరవబోతే కింది గాజు బిగపట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్ మెత్తగా జరిగి చోటిస్తుంది. అందుకే అదే పొర, అదే లాగుడు అయినా ప్లాస్టిక్ మీద త్వరగా పగులుతుంది. తప్పంతా ఐటీఓ మీదే వేయడం న్యాయం కాదు.

రీఫిల్ లెక్కకు వద్దాం. భద్రాచలం అడవి అంచు ఊళ్లలో మేదరి పనివాడు బుట్ట అల్లేటప్పుడు వెదురు బద్దను వంచడం చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. వంచినప్పుడు బద్ద బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు నొక్కుకుంటుంది, నడుమ ఎక్కడో ఒక వరస సాగదు, నొక్కుకోదు. బద్ద విరిగితే బయటి అంచు నారలే ముందు చిట్లుతాయి. మేదరి చేసే పని ఏమిటి? బద్దను కత్తితో ఇంకా పలుచగా చీలుస్తాడు. వెదురు మారలేదు, మందం మారింది.

ప్లాస్టిక్‌కూ అదే. బయటి అంచు ఎంత సాగిందో తెలియాలంటే మందాన్ని, చుట్టిన వస్తువు వ్యాసంతో భాగిస్తే చాలు. 70 మిల్లీమీటర్ల స్టీలు గ్లాసుకు 0.188 మిల్లీమీటర్ల ముక్కను చుడితే సాగుడు 0.27 శాతం. 7 మిల్లీమీటర్ల పెన్సిలుకు 2.7 శాతం. 3 మిల్లీమీటర్ల రీఫిల్‌కు 6 శాతం పైనే. ఐటీఓ సాధారణంగా ఒకటి, రెండు శాతం దగ్గరే తెగడం మొదలుపెడుతుంది. మల్టీమీటర్ చూపిన కథంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. అదే పూతను 0.025 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మీద పూసి అదే రీఫిల్‌కు చుడితే సాగుడు 0.83 శాతమే. పొర బతుకుతుంది.

పూతను సాగనివ్వకుండా చేసే మరో ఉపాయం, దాన్ని బద్ద నడుమ సాగని వరసలోకి చేర్చడం. పూత మీద సరిసమానంగా మరో ప్లాస్టిక్ పొర అంటిస్తే పూత నట్టనడుమకు వస్తుంది. ఇరువైపులా ఉన్నవి సాగుతాయి, నొక్కుకుంటాయి, నడుమ ఉన్న పింగాణీకి మాత్రం వంచుతున్నట్టే తెలియదు. 1999లో ప్రిన్స్‌టన్‌లో జిగాంగ్ సువో, సిగుర్డ్ వాగ్నర్ తదితరులు మెత్తని రేకుల మీది ఎలక్ట్రానిక్స్‌కు ఈ లెక్కను వేసి చూపించారు. మడత ఫోన్ల తెరల్లో నేడు పొర మీద పొర పేర్చే పద్ధతికి వెనక ఉన్నది ఈ లెక్కే. 2020లో వచ్చిన ఒక మడత ఫోన్‌లో తెర మీది గాజు 30 మైక్రాన్లే. మూడు మిల్లీమీటర్ల వ్యాసంలో మడిచినా దాని సాగుడు ఒక శాతం. గాజే మడతపడుతుంటే ఐటీఓను పెళుసు అని తీసిపారేయడానికి లేదు.

ఇదంతా పూత వేశాక చేసే జాగ్రత్త. అసలు పూత వేసేటప్పుడే దానిలో లాగుడు పుట్టించకుండా ఉండాలి. ఇక్కడే తిరుపతికి వెళ్లాలి.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ఇలాంటి పొరల మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఇండియం–తగరం ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్, కాడ్మియం ఆక్సైడ్ పొరలను అక్కడ స్పట్టరింగ్ పద్ధతిలో పూసి పరీక్షించారు. స్పట్టరింగ్ అంటే, మూత బిగించిన స్టీలు పెట్టెలోంచి గాలి మొత్తం లాగేసి కొద్దిగా ఆర్గాన్, ఆక్సిజన్ వదులుతారు. లోపలి పీడనం బయటి గాలి పీడనంలో లక్షో వంతు. వందల వోల్టులు పెట్టగానే ఆర్గాన్ ఊదారంగులో వెలుగుతుంది. ఆ వెలుగులోని ఆర్గాన్ అయాన్లు లోహపు బిళ్లను గుద్దితే అణువులు ఎగిరిపడి ఎదురుగా ఉన్న గాజు మీదో ప్లాస్టిక్ మీదో వాలతాయి. ఆ బిళ్లనే టార్గెట్ అంటారు.

2000లో తిరుపతి నుంచి వచ్చిన ఒక పరిశోధన పత్రం జింక్ ఆక్సైడ్ పొరల గుణాలు స్పట్టరింగ్ పీడనాన్ని బట్టి ఎలా మారతాయో పరిశీలించింది. ఇంత చిన్న మీటకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, పొరలో లాగుడో నొక్కుడో నిర్ణయించేది చాలావరకు అదే. పీడనం తక్కువైతే అణువులు దారిలో దేన్నీ గుద్దుకోకుండా జోరుగా వచ్చి పడతాయి. కొలిమిలో సుత్తితో కొట్టినట్టు పొర దట్టమై, లోలోపల నొక్కుకుని ఉంటుంది. పీడనం ఎక్కువైతే ఆర్గాన్‌తో గుద్దుకుని నీరసపడి మెల్లగా వాలతాయి. పొర గుల్లగా, లాగుడుతో తయారవుతుంది, పగలడానికి సిద్ధంగా ఉంటుంది. కాస్త నొక్కుకుని ఉన్న పొరే వంచడానికి మేలు, ముందు ఆ నొక్కుడు తీరాకే సాగుడు మొదలవుతుంది కాబట్టి. నొక్కుడు మరీ మించితే మాత్రం పొర ప్లాస్టిక్ మీంచి లేచి, తడిగోడ సున్నంలా ఉబ్బుతుంది.

వేడి సంగతి ఇంకో చిక్కు. గాజు మీదైతే 200 నుంచి 300 డిగ్రీల వేడిలో పూస్తే ఐటీఓ చక్కని స్ఫటికంగా కుదురుకుంటుంది. పెట్ ప్లాస్టిక్ 70, 80 డిగ్రీలకే మెత్తబడడం మొదలుపెడుతుంది. అందుకని దాన్ని చల్లని డోలు మీదుగా నడిపిస్తూ పూస్తారు. సారపాకలోని కాగితపు మిల్లులో కాగితం ఒక చుట్ట నుంచి మరో చుట్టకు పరుగెత్తినట్టే, శూన్యంలో వందల మీటర్ల ప్లాస్టిక్ ఒక చుట్ట విప్పుకుని మరో చుట్టకు చేరుతుంది. తర్వాత 150 డిగ్రీల దగ్గర, ముందే ముడుచుకోకుండా తయారుచేసిన ప్లాస్టిక్‌తో, నెమ్మదిగా స్ఫటికంగా మారుస్తారు. ఈ వేగంలో చుట్ట మీద పడ్డ ఒక్క ధూళికణం చాలు. దాని చుట్టూ పొర ఎత్తుపల్లాలుగా పడి, మొదటి నెర్రె అక్కడి నుంచే బయల్దేరుతుంది. కత్తెరతో కోసిన అంచులు కూడా అంతే. మన మల్టీమీటర్ ముక్కలో నెర్రెలు ఎక్కువగా అంచుల్లోంచే లోపలికి పాకి ఉంటాయి.

శూన్యం లేకుండా, ద్రవం పూసి ఆరబెట్టే దారి కూడా ఉంది. దాన్ని సోల్–జెల్ అంటారు. ఎండాకాలం మిద్దె మీద పిండి వడియాలు పెట్టే ఇళ్లలో ఈ పద్ధతి కష్టాలన్నీ తెలుసు. పాత పంచె పరిచి గరిటెతో జావ పోస్తారు. పలుచగా పోసినది నున్నగా ఆరుతుంది. చెయ్యి బరువై మందంగా పడినది మధ్యాహ్నానికే నడుమ చీలుతుంది. నీరు పోతున్నకొద్దీ జావ ముడుచుకోవాలి, గుడ్డ ముడుచుకోనివ్వదు. సోల్–జెల్‌లో పూసిన పొరలో కూడా ద్రావకం ఆవిరై పొర ముడుచుకుంటుంది, కింది గాజు అడ్డుపడుతుంది. అందుకే ఒకేసారి మందంగా కాకుండా పలుచగా పూసి, ఆరబెట్టి, మళ్లీ పూస్తారు.

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో సోల్–జెల్ పూతలకే ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ పాలికార్బనేట్ వంటి ప్లాస్టిక్‌ల మీద గీతలు పడకుండా కాపాడే పూతలు తయారుచేశారు. అవి కరెంటు పారించే పూతలు కావు, అయినా నెర్రె సమస్య ఒకటే. గాజు లాంటి సిలికా వలలో సేంద్రియ అణువులను అల్లి, వడియం జావలో జిగురు కలిపినట్టు, పొరకు కాస్త జారుడు ఇచ్చి, అతినీలలోహిత కాంతితో లేదా తక్కువ వేడితో గట్టిపరచడం వాళ్ల దారి. జపాన్‌లో కన్సాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన హిరోమిత్సు కోజుకా జావలోనే మాత్రల తయారీలో వాడే పీవీపీ అనే పాలిమర్‌ను కలిపి, ఒకే పూతలో మందపాటి ఆక్సైడ్ పొరలను పగలకుండా తెచ్చాడు.

కోజుకా బృందం చేసిన మరో పని మన ఆత్రేయపురంలో పూతరేకులు చేసేవాళ్లకు చెబితే నవ్వుతారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యపు జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క ఊపున లాగితే రేకు పడుతుంది. ఊడదీసి, కొంచెం తడి చూపించి, నెయ్యీ బెల్లమూ పెట్టి మడుస్తారు. కోజుకా వాళ్లు ఆక్సైడ్ పొరను ముందు వేడికి తట్టుకునే సిలికాన్ బిళ్ల మీద, మధ్యలో ఊడివచ్చే పొర వేసి, వందల డిగ్రీల్లో కాల్చారు. కాల్చడం అయ్యాక దాన్ని ప్లాస్టిక్ మీదికి మార్చారు. వేడి పని వేడికి తట్టుకునేదాని మీద, వంచే పని వంగేదాని మీద. ఐటీఓ కూడా ఇలా ప్లాస్టిక్ మీదికి ఎక్కింది.

స్ఫటికమే వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. స్ఫటికపు గింజలు ఒకదాన్నొకటి తాకే సందుల్లోంచే నెర్రె సులువుగా పాకుతుంది. ఇండియం–జింక్ ఆక్సైడ్ గది వేడిలో పూసినా గింజలు లేని ఒకే ముద్దగా పడుతుంది, కరెంటూ బాగానే పారుతుంది. 2004లో జపాన్‌లో హిదియో హొసోనో బృందం ఇండియం, గాలియం, జింకు కలిసిన ఇలాంటి గింజల్లేని ఆక్సైడ్‌తో ప్లాస్టిక్ మీద వంగే ట్రాన్సిస్టర్లు చేసి చూపించింది. ఆ పదార్థం ఇప్పుడు ఎన్నో తెరల్లో ఉంది. మరికొందరు రెండు ఆక్సైడ్ పొరల నడుమ పది నానోమీటర్ల వెండిని దాచారు. అంత పలుచని వెండి వెలుతురుకు పెద్దగా అడ్డురాదు. ఆక్సైడ్ చీలినా వెండి సాగుతుంది, కరెంటు దారి తెగదు.

తెగిన ఐటీఓ కూడా పూర్తిగా తెగదన్నది మరో విచిత్రం. 2000లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి డారన్ కెయిర్న్స్, గ్రెగరీ క్రాఫర్డ్ తదితరులు ఐటీఓ పూసిన ప్లాస్టిక్‌ను లాగుతూ నిరోధం కొలిచారు. నెర్రెలు అడ్డంగా విచ్చిన తర్వాత కూడా కొంత కరెంటు పారుతూనే ఉంది. నెర్రె అడుగున సన్నని వాహక పదార్థం ఇంకా కలిపి ఉంచుతోందని వాళ్లు లెక్కగట్టారు. లాగుడు ఆపగానే నెర్రె పెదవులు దగ్గరికొచ్చి మళ్లీ తాకుతాయి.

కల్లూరు దుకాణంలో దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. రీఫిల్‌కు చుట్టిన ముక్కను విప్పి బల్ల మీద బోర్లించకుండా పరిచి, రెండు కొసలూ వేళ్లతో నొక్కిపట్టి మళ్లీ పుల్లలు ఆనిస్తే లక్షల్లోకి ఎగిరిన అంకె దిగివస్తుంది. మొదటి చోటికి మాత్రం రాదు. బోర్డుల మీద టంకం చూసుకునే మైక్రోస్కోప్ కింద పెట్టి, టార్చిలైటు వాలుగా పట్టుకుంటే, వంచిన దిక్కుకు అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి, ఎండిన మడిలో లాగే సన్నని గీతలు మెరుస్తాయి. నొక్కిపట్టిన వేలు తీస్తే ముక్క కొద్దిగా పైకి లేస్తుంది, అంకె మళ్లీ ఎక్కుతుంది.